ఎర్ర దారం కట్టిన గోలీలు

పోయిన వారం మనం నవతను అడాజన్‌లోని ఆస్పత్రి మూడో అంతస్తులో, డాక్టరమ్మ బల్ల ముందు, చేతిలో రక్తపరీక్ష కాగితంతో కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల వారం రోజులుగా అక్కడే ఉంది. ఈలోగా కొందరు పాఠకులు నాకు ఉత్తరాలు రాశారు. 'సోమలింగం మెడ మీద గడ్డలు కరిగాయి కదా, ఇంకా ఎందుకు ఆ మనిషిని ఏడిపిస్తారు, హాయిగా మళ్లీ మగ్గాల దగ్గరికి పోనివ్వండి' అని ఒకావిడ నన్ను గట్టిగానే కోప్పడ్డారు. నా చేతుల్లో ఉంటే పోయిన వారమే పంపేదాన్ని. కానీ ఆ కాగితం మీద అంకెలు నేను వేసినవి కావు.

కొత్తగా చదువుతున్న వాళ్ల కోసం రెండు ముక్కలు. సోమలింగం జగిత్యాల పక్క పల్లె నుంచి ఇరవై నాలుగేళ్ల వయసులో సూరత్ వచ్చి, ఇరవై ఎనిమిదేళ్లుగా పాండేసరాలో పవర్‌లూములు నడుపుతున్న మనిషి. వడోద్‌లో మూడో అంతస్తు మీద ఒక గది, దానికో వంటమూల. భార్య ఎల్లవ్వ ఇంట్లోనే కూర్చుని, మిల్లు నుంచి వచ్చిన చీరల మీద వేలాడే దారప్పోగులు కత్తిరిస్తుంది. ఒక్కతే కూతురు నవత రింగ్ రోడ్ మార్కెట్‌లో ఒక చీరల దుకాణంలో కంప్యూటర్ పని చేస్తుంది. దీపావళి వెళ్లాక సోమలింగం మెడ పక్కన గడ్డలు లేచాయి. లింఫోమా అన్నారు, అంటే ఒంట్లోని గ్రంథులకు పట్టే క్యాన్సర్. ఇరవై ఒక్క రోజులకొకసారి చొప్పున ఆరు విడతల మందు ఎక్కించాలన్నారు. నాలుగు విడతలు అయ్యాయి.

ఆ నాలుగు విడతల్లో ఆయన జుట్టు పోయింది. నోరంతా పూసి, పది రోజులు మజ్జిగ తప్ప ఏదీ దిగలేదు. వేళ్ల కొసలు మొద్దుబారి, తెగిన పోగును కళ్లు మూసుకుని ముడివేసే మనిషి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయాడు. అయినా ప్రతి విడతకు ముందు నాలుగు రోజులు డబల్ డ్యూటీ చేసి, తాను రాని రోజుల మీటర్లు ముందే నేసి పెట్టేవాడు. 'పని తక్కువ పడొద్దు, పడితే నింపాలె' అనేవాడు. మూడో విడత తర్వాత అదీ చేతకాలేదు. పక్క మిషన్లు నడిపే జోడీదార్ పరుశురాం ఆయన మిషన్లు కూడా చూసుకుంటున్నాడు. ఇంత పడ్డాక గడ్డలు మాయమయ్యాయి. అందరం ఊపిరి పీల్చుకున్నాం. అప్పుడు సోమలింగం కళ్లు పచ్చబడ్డాయి.

డాక్టర్ బీనాబెన్ కాగితాన్ని రెండుసార్లు చదివింది. కాలేయానికి సంబంధించిన ఒక అంకె నలభై లోపు ఉండాలి. అది తొమ్మిది వందలు దాటింది.

"నవతా, ఒక్క మాట అడుగుతాను, బాగా ఆలోచించి చెప్పు" అంది ఆమె హిందీలో. "మొదట్లో ఆయనకో చిన్న తెల్ల మాత్ర రాసిచ్చాను. అన్నిట్లో ఏది తప్పినా సర్దుకోవచ్చు, ఇది మాత్రం ఒక్క రోజు కూడా తప్పకూడదు అన్నాను. మీ నాన్న రోజూ వేసుకుంటున్నారా?"

నవతకు ఆలోచించాల్సిన అవసరమే కనబడలేదు.

"రోజూ వేసుకుంటారు మేడమ్. ఒక్కటి కూడా తప్పలేదు. నేనే గుర్తులు కట్టి ఇచ్చాను."

ఆ గుర్తుల సంగతి చెప్పాలి. సోమలింగానికి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఎల్లవ్వకు అదీ రాదు. మాత్రల షీట్ల మీదేమో అంతా ఇంగ్లీషు. నవత పొద్దున తొమ్మిదింటికి పోతే మళ్లీ ఇల్లు చేరేది ఎనిమిదిన్నరకు. అందుకని ఆ పిల్ల ఇంట్లో దొరికే రంగు దారాలు తీసి, ఒక్కో షీటుకు ఒక్కో రంగు దారం కట్టింది. పరగడుపున వేసుకునేదానికి ఆకుపచ్చ. మందు ఎక్కించాక ఐదు రోజులు మాత్రమే వేసుకోవాల్సినదానికి పసుపు. వాంతులకు నీలం. ఎప్పుడూ తప్పకూడని ఆ తెల్ల మాత్రకు ఎరుపు. ఎంత తెలివైన పిల్లో అని నర్సులు కూడా మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, రెండు నెలల కింద ఇదే పేజీలో. ఇప్పుడు ఆ వాక్యాలు గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

బీనాబెన్ కాసేపు కలం మూత తీసి పెడుతూ కూర్చుంది.

"మీ నాన్నకు ఎప్పుడో వయసులో కామెర్లు వచ్చాయి. ఆ క్రిమి చావలేదు, రక్తంలో పడుకుని ఉంది. మనం ఎక్కించే మందు క్యాన్సర్‌తో పాటు ఒంటికి కాపలా ఉండేవాళ్లను కూడా పడగొడుతుంది. అప్పుడు ఆ క్రిమి లేస్తుంది. అది లేవకుండా చూసేదే ఆ తెల్ల మాత్ర. రోజూ వేసుకుంటున్నారంటే క్రిమి మీద అనుమానం తక్కువ. అప్పుడిక అనుమానం మన మందు మీదికే పోతుంది."

"ఏ మందు మేడమ్?"

"గడ్డలు కరిగించిన మందే. దాన్ని ఆపి వేరేది మొదలుపెట్టాలి. వేరేది ఇంత బాగా పని చేస్తుందని మాట ఇవ్వలేను. క్రిమి పరీక్ష ఫలితం రావడానికి నాలుగు రోజులు పడుతుంది. అన్ని రోజులు చూస్తూ కూర్చోలేం. రేపు పొద్దున ఆయన్ను తీసుకొచ్చి చేర్పించు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ షీట్లతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురా. ఇవాళే ఏదైనా అనుమానం వస్తే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. రేపు పదింటికి నేను నిర్ణయం తీసుకుంటాను."

నీలం రంగు బీఆర్‌టీఎస్ బస్సులో నిలబడి వస్తూ నవత అన్నీ మనసులో సర్దుకుంది. నాన్న చొక్కాలు రెండు, దుప్పటి, ఆధార్ కార్డు, మాత్రల సంచి. సర్దుకోవడానికి పని ఉన్నంతసేపు మనిషికి ధైర్యంగానే ఉంటుంది. తాపీ వంతెన దాటేటప్పుడు మాత్రం, తాను చెప్పిన మాట వల్లే మంచి మందు ఆగిపోతోందన్న ఆలోచన ఒకటి వచ్చింది. కానీ చెప్పింది నిజమే కదా అనుకుని పక్కకు నెట్టేసింది.

ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. ఏప్రిల్ ఎండకు గది కుంపటిలా ఉంది. కింది అంతస్తుల్లోని మగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తోంది. ఎల్లవ్వ గులాబీరంగు చీరల కుప్ప ముందు కూర్చుని, చిన్న కత్తెరతో పోగులు కత్తిరిస్తోంది. సోమలింగం గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉన్నాడు. ఆయన కళ్లు నిన్నటికంటే పచ్చగా ఉన్నాయి.

"ఏమన్నది బిడ్డా డాక్టరమ్మ?" అడిగాడు.

"రేపు పొద్దుగాల పోవాలె బాపూ. నాలుగు దినాలు ఆడనే ఉండాలంట. గోలీలన్ని తెమ్మన్నది, ఖాళీవి గూడ."

"ఖాళీవి ఎందుకట?" అంది ఎల్లవ్వ చీర మీంచి తల ఎత్తకుండానే.

"లెక్క సూస్తదట అవ్వా."

ఖాళీ షీట్లు పారేయకుండా ఒక ప్లాస్టిక్ సంచిలో దాచడం సోమలింగం అలవాటు. కార్ఖానాలో ఖాళీ నూలు కండెలు అప్పగిస్తే తప్ప కొత్తవి ఇవ్వరు, అక్కడి నుంచి వచ్చింది ఆ అలవాటు. నవత సంచిని చాప మీద బోర్లించింది. ఆకుపచ్చ దారాలవి వచ్చాయి. పసుపు దారాలవి నాలుగు. నీలం దారాలవి ఆరేడు. నవత వాటిని కెలికింది, సంచి లోపలికి చేయి పెట్టి చూసింది.

"బాపూ, ఎర్ర దారానియి ఏడున్నయ్?"

"ఎర్ర దారానియా? అవి ఈ సంచిల ఎందుకుంటయ్ బిడ్డా? పైన అటుక మీద అట్టడబ్బల పెట్టిన, భద్రంగున్నయ్" అన్నాడు సోమలింగం. "ఇయ్యాల తీస్కపోతున్నవా? మంచిదాయె. నెల నెల పెరిగిపోతున్నయ్, ఎప్పుడు తీస్కపోతదో అనుకున్న."

"ఏడికి తీస్కపోవుడు?"

"దుకాన్ల వాపస్ ఇయ్యనీకె. ఖరాబ్ మాల్ గదా."

నవత స్టూలు వేసుకుని ఎక్కింది. అటుక మీద నూలు కండెలు వచ్చే అట్టపెట్టె ఒకటి ఉంది. దాన్ని దించి మూత తీసింది. లోపల ఒక పాత చొక్కా గుడ్డ పరిచి, దాని మీద షీట్లు వరసగా పేర్చి ఉన్నాయి. తొమ్మిది షీట్లు. ఒక్కోదానికి పది మాత్రలు. ఒక్కటి కూడా నొక్కలేదు. నవత కట్టిన ఎర్ర దారాలు నవత వేసిన ముడులతోనే ఉన్నాయి.

 ఆ పిల్ల స్టూలు మీదే కూర్చుండిపోయింది.

"బాపూ... ఇవి నువ్వు ఏసుకోలేదా?"

"ఎట్ల ఏసుకుంట? ఎర్ర దారం నువ్వే గదా కట్టినవ్!"

ఇక్కడ నేను కథ ఆపి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే సోమలింగాన్ని మీరు తెలివితక్కువవాడని అనుకుంటారు, అది నేను ఒప్పుకోను. ఆయన పని చేసే కార్ఖానాలో గుడ్డ నేసేటప్పుడు పోగు తెగినా, నూనె మరక పడ్డా, ఆ చోట గుడ్డ అంచుకు చిన్న ఎర్ర దారం ముడి వేస్తారు. గుడ్డంతా తాకాగా, అంటే పెద్ద చుట్టగా, చుట్టి చెకింగ్‌కు పోయాక, అక్కడివాళ్లు ఆ దారం చూసి, ఇక్కడ తప్పుంది అని తెలుసుకుని ఆ ముక్కను పక్కన పెడతారు. ఎర్ర దారం కట్టిన సరుకు ఎవరూ ముట్టరు. ఇరవై ఎనిమిదేళ్లలో సోమలింగం చేతులు ఆ ముడి ఎన్ని వేల సార్లు వేశాయో! ఆయనకు ఎర్ర దారం అంటే ఒక్కటే అర్థం. నవత ఏనాడూ కార్ఖానా గడప తొక్కలేదు. ఆడపిల్ల ఆ చప్పుడులోకి, ఆ దుమ్ములోకి రాకూడదని ఆయనే రానివ్వలేదు. రింగ్ రోడ్ దుకాణంలో తొందర ఆర్డరుకు ఎర్ర గీత పెడతారు. ఆ పిల్లకు తెలిసిన ఎరుపు అది.

"ఖరాబైతే నేనెందుకు తెస్త బాపూ? నెల నెల కొని నేనెందుకు తెస్త?" నవత గొంతు పెరిగింది.

"నేను గట్లనే అనుకున్న. దుకానోడు మోసం జేస్తున్నడు, బిడ్డ ఇంటికొచ్చి సూసుకుని దారం కడుతున్నది, వాపస్ ఇయ్యనీకె టైం దొర్కుతలేదు అనుకున్న. రెండో సలైన్ ఎక్కినంక నీకు చెప్పిన గూడ. ఎర్ర దారానియి పక్కకు పెట్టిన బిడ్డా అని."

చెప్పాడు. నవతకు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె చెవి దగ్గర ఫోన్ ఉంది, అవతల దుకాణం సేఠ్ అరుస్తున్నాడు. నాన్న ఏదో అంటే, ఆఁ ఆఁ అని తల ఊపింది. తర్వాత రోజూ అడిగేది, 'గోలీలు ఏసుకున్నవా బాపూ?' అని. ఆయన రోజూ చెప్పేవాడు, 'ఏసుకున్న బిడ్డా' అని. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఎవరో ఒకరు దుర్మార్గులైతే తిట్టుకునైనా ఊరుకునేదాన్ని.

"అవి ఖరాబ్‌వి కాదు బాపూ" అంది నవత. ఏడుపు ఆపుకుంటే మాట రావడం లేదు, మాట్లాడితే ఏడుపు వస్తోంది. "అన్నిట్ల పెద్ద గోలీ అదే. అందుకే ఎర్రది కట్టిన. నీకు ఎన్కట కామెర్లయినయ్ గదా, ఆ పురుగు లోపట పండుకోనున్నదట. ఈ గోలీ ఏసుకుంటె అది లేవదట. మూడు నెలల సంది నువ్వు ఏసుకోలే. అది లేసి కూసున్నది. నీ కండ్లు పచ్చగైంది గందుకే."

ఎల్లవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఓ అవ్వా! నేను దినాం సూస్తనే ఉంటి గదనే!" అని నుదురు కొట్టుకుంది. "పైన పెట్టుమంటె నేనే స్టూలెక్కి పెట్టిన గదా. ఏందని ఒక్కపారి నోరిప్పి అడగకపోతిని!"

 సోమలింగం షీటు ఒకటి ఇమ్మని చేయి చాచాడు. నవత ఇచ్చింది. దాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. ఎర్ర ముడి మీద బొటనవేలు రాశాడు. ఆ వేలికి ఇప్పుడు ముడి తగులుతోందో లేదో కూడా తెలియదు.

"అయితె నా చేతులతోని నేనే జేసుకున్న" అన్నాడు చివరికి.

"నువ్వు గాదు బాపూ, నేను జేసిన. నేను ఒక్కపారన్న డబ్బ తీసి సూసుంటె..."

"నీదేం తప్పు లేదు. నువ్వు ఊకో."

"తప్పెవరిదైతేంది ఇప్పుడు? నేను డాక్టరమ్మకు రోజూ ఏసుకుంటున్నడని చెప్పిన. ఆమె నా మాట నమ్మింది. నీకు గడ్డలు కరిగిన మందు రేపు బంద్ జేస్తది. నేను ఇప్పుడే ఫోన్ జేసి నిజం చెప్తా."

ఆ మాటకు సోమలింగం నిటారుగా కూర్చున్నాడు. అన్ని రోజుల్లో ఆయన ముఖంలో భయం నేను అప్పుడే చూశాను.

"వద్దు బిడ్డా. చెప్పకు. నీకు కార్ఖానల సంగతి ఎర్కలేదు. పరుశురాం ఒక్కపారి, తాకా మొత్తం నా వల్లనే ఖరాబైందని తనంతట తాను మాస్టర్‌కు ఒప్పుకున్నడు. మంచిగ మెచ్చుకుంటరనుకున్నడు. తెల్లారి ఎనిమిది మిషన్లల్ల నాలుగు గుంజుకుని వేరేటోనికి ఇచ్చిండ్రు. తప్పొప్పుకున్నోని చేతికి మిషన్ ఇయ్యరు. ఇన్ని దినాలు గోలీలు ఏసుకోనోనికి ఇంత పెద్ద మందెందుకు అంటది ఆమె. నా పేరు కొట్టేస్తది. మీకు దండం బెడత, చెప్పకుర్రి."

"బాపూ, చెప్పకుంటెనే మందు ఆపుతది!"

"చెప్పినా ఆపుతది, చెప్పకున్నా ఆపుతది. గట్లయితె ఇజ్జత్ అన్న ఉండనియ్."

నవత తల్లి వైపు చూసింది. ఎల్లవ్వ మొగుడి వైపు చూసింది. ఆ గదిలో ముగ్గురూ ఒకరి కోసం ఒకరు ప్రాణం పెట్టేవాళ్లే. కానీ ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. కాలేయంలో ఏం జరుగుతోందో ఆ క్షణాన వాళ్లు చూడలేరు, ఆపలేరు. తొమ్మిది షీట్ల మాత్రలు మాత్రం ఎదురుగా ఉన్నాయి, మూడు నెలల కిందటికి ఎవరూ పోలేరు.

"అవ్వా, బాపుకు జర గంజి కాచియ్యి. నేను పైకి పోయొస్త" అని నవత ఫోన్ తీసుకుని లేచింది. పెట్టెను చాప మీదే వదిలేసింది. ఆ పెట్టెను వెంట తీసుకుపోయి ఉంటే బాగుండేదని, రాసే నాకే ఇంత బాధ ఉందంటే ఆ పిల్లకు జీవితాంతం ఎంత ఉంటుందో!

మిద్దె మీద ఎండ ఇంకా తగ్గలేదు. పాండేసరా అద్దకం మిల్లుల పొగగొట్టాలు వరసగా కనబడుతున్నాయి. కిందికంటే ఇక్కడ చప్పుడు తక్కువ. నవత నంబరు కొట్టింది. నర్సు ఎత్తింది, ఆగమంది, ఏదో సంగీతం వినిపించింది. ఆ సంగీతం సాగినంతసేపూ నవత ఫోన్ పెట్టేద్దామని మూడుసార్లు అనుకుంది. నాన్న చివరి మాట చెవుల్లో తిరుగుతోంది. అప్పుడు బీనాబెన్ గొంతు వచ్చింది.

"మేడమ్, నేను మీకు చెప్పింది నిజం కాదు" అంది నవత. ఇక ఆగలేదు. ఎర్ర దారం, కార్ఖానా, అటుక, తొమ్మిది షీట్లు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. "ఒక్క మాత్ర కూడా పడలేదు మేడమ్, తొంభైకి తొంభై అలాగే ఉన్నాయి. నాన్నను వెళ్లగొట్టకండి. ఆయన కావాలని చెయ్యలేదు."



"ఎవరు వెళ్లగొడతారు బేటా?" అంది బీనాబెన్. "ఆ దారాలు చూసి నేను కూడా భలే ఉన్నాయన్నాను. ఖాళీ షీట్లు చూపించమని ప్రతిసారీ అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు దాని గురించి వద్దు. నువ్వు ఫోన్ చేసి మంచి పని చేశావు. రేపు నేను తప్పు మందును ఆపేదాన్ని."

"అయితే ఐదో విడత ఎక్కిస్తారా?"

"ఎక్కించలేను. కాలేయం ఈ స్థితిలో ఉంటే ఆ మందే ఆయన్ను చంపుతుంది."

"మరి ఎప్పుడు?"

"తెలియదు. కొందరికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొందరికి..." ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. "ఆలోగా గడ్డలు మళ్లీ రాకూడదని కోరుకోవాలి. నీకు అబద్ధం చెప్పను."

నవత పిట్టగోడ పట్టుకుని నిలబడింది. గోడ చేతికి చురుక్కుమంది కానీ తీయలేదు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పేరు కొట్టేయలేదు. అయినా ఏమీ మారలేదు. నాన్న భయపడినదంతా అబద్ధమైంది కానీ, తాను ఆశపడినది కూడా నిజం కాలేదు.

"ఇప్పుడు జాగ్రత్తగా విను" అంది బీనాబెన్. "ఇవాళే మొదలుపెట్టాలి. అన్నం తిన్న రెండు గంటలకు ఒక్క మాత్ర. ఒక్కటే. తప్పినవన్నీ కలిపి వేయకూడదు, రెండు కూడా వేయకూడదు. అర్థమైందా? కామెర్ల కళ్లతో ఉన్న మనిషికి ఏది ఎంత పడాలో నేను చూసి చెప్పాలి. ఎండ వేడికి అటుక మీద ఉన్నాయంటున్నావు కాబట్టి, కిందికి వెళ్లి షీటు వెనక తేదీ నాకు చదివి వినిపించు. ఎక్కడా చిరగకుండా ఉన్నవి ఎన్నో చూసి చెప్పు. ఫోన్ పెట్టెయ్యకు."

"సరే మేడమ్."

ఫోన్ చెవికి ఆనించుకునే నవత మెట్లు దిగింది. ఒక్క మాత్ర అన్న మాటను మనసులో పట్టుకుంది. చేయడానికి ఏదో ఒకటి దొరికింది. అన్నం తిన్న రెండు గంటలకు, ఒక్కటి, రోజూ, తన కళ్ల ముందు. ఇక నుంచి దారాలు ఉండవు. ఏ మాత్రయినా పొద్దున పోయేముందో, సాయంత్రం వచ్చాకో, తన చేత్తో తీసి నోట్లో పెడుతుంది. అవసరమైతే ఆ ఉద్యోగం మానేస్తుంది. తలుపు తోస్తూ నాన్నకు చెప్పాల్సిన మాట కూడా సిద్ధం చేసుకుంది. డాక్టరమ్మ కోప్పడలేదు బాపూ, నీ పేరు కొట్టెయ్యలేదు.

గదిలో చీరల కుప్ప గోడ వైపు జరిపి ఉంది. ఎల్లవ్వ, సోమలింగం ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో అట్టపెట్టె. మొద్దుబారిన వేళ్లతో ఆయన మాత్ర నొక్కి తీయలేడు కదా, అందుకని ఎల్లవ్వ పోగులు కత్తిరించే కత్తెరతో షీటును ఒక్కో గది ఒక్కో గదిగా కత్తిరిస్తోంది. తెల్ల మాత్ర ఆయన అరచేతిలో పెడుతోంది. ఆయన నోట్లో వేసుకుని చెంబు ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. విప్పిన ఎర్ర దారాలు ఒక పక్కన నీటుగా చుట్టి పెట్టి ఉన్నాయి. రెండు చేతుల పని కలిసి ఎంత చక్కగా సాగుతోందో, జోడీ కుదిరిన ఇద్దరు పనివాళ్లు ఒక మిషన్ మీద నిలబడ్డట్టు!

నవతను చూసి సోమలింగం నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో పని దొరికిన తృప్తి కనిపించింది.

"దా బిడ్డా. పరేశాన్ గాకు. షిఫ్ట్‌ల మీటర్లు తక్కువ పడితె ఓవర్‌టైం జేసి నింపుతం గదా? గిది గంతే. ఇగో, మూడు షీట్లు అయిపోయినయ్. పొద్దుగూకెటాల్లకు అన్ని పూర్తి జేస్త. రేపు డాక్టరమ్మకు ఖాళీవే తీస్కపోదాం. నువ్వు చెప్పిన మాట నిజమే అయితది."

"ఇంగో రెండు గ్లాసులు నీళ్లు తే నవతా" అంది ఎల్లవ్వ కత్తెర ఆపకుండా. "చెంబుల అయిపోవట్టినయ్."

ఫోన్‌లో బీనాబెన్ అడుగుతోంది.

"నవతా, దిగావా? నిండు షీట్లు ఎన్ని ఉన్నాయి?"

నవత చూసింది. చాప మీద ఖాళీ రేకు ముక్కలు. తల్లి చేతిలో సగం కత్తిరించిన షీటు. పెట్టెలో మిగిలినవి.

"ఐదు" అంది.

"ఐదా? ఇందాక తొమ్మిది అన్నావు కదా?"